పదింటి ముగ్గు

మూడేళ్ళ కిందట మా ఇంటి ముందు ముగ్గు పొద్దున్న ఆరింటి నుంచి పదింటికి జరిగింది. ఎదురింటివాళ్ళు బద్ధకమనుకున్నారు. నేనూ కొంచెం అలాగే అనుకున్నాను, ఒప్పుకోవాలి. చిటికెడు పిండి పట్టుకుని సన్నగా జారవిడవాలంటే బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీదొకటి మెత్తగా కదలాలి. ఆరింటికి మా ఆవిడ వేళ్ళు కదిలేవి కావు. గీత మొదలెట్టిన చోటే పిండి కుప్పగా పడేది. పదయ్యేసరికి అవే వేళ్ళు పదిహేను చుక్కల ముగ్గు చకచకా వేసేసేవి.

వయసు మీదపడి గుజ్జు అరిగితే ఇలా ఉండదు. ఆ నొప్పి వాడినకొద్దీ పెరుగుతుంది. వేళ్ళలో అయితే ఎక్కువగా గోటి దగ్గరి కణుపులకి వస్తుంది. ఈవిడకి వాచింది వేళ్ళు అరచేతిలో కలిసేచోట, అదీ రెండు చేతులకీ ఒకేలా. పైగా కాసేపు పని చేస్తే సర్దుకునేది. ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ వరస. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలు సొంత కీళ్ళమీదికే తిరగబడే జబ్బు.

“అయితే పొద్దున్నే ఎందుకు తాతయ్యా?” అంది మా మనవరాలు. మంచి ప్రశ్న. కాపలా కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి చిన్న చిన్న ప్రోటీన్లు వదులుతాయి. వాటిని సైటోకైన్లంటారు. అందులో ఇంటర్‌ల్యూకిన్-6 అనేది ఈ జబ్బున్నవాళ్ళ రక్తంలో తెల్లవారుజామున బాగా పెరిగి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. మీ అమ్మమ్మ ముగ్గుకి టైము పెట్టింది అదేనమ్మా అన్నాను.

ఇక్కడ నా తెలివితక్కువ ఒకటి చెప్పాలి. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనిచ్చాను. ఎముకలకి బలమని రాత్రిపూట గ్లాసెడు పాలు ఇచ్చాను. నొప్పి తగ్గింది కదా అనుకుంటూ ఏడాది గడిపేశాం. ఆ తరవాత తీసిన ఎక్స్‌రేలో చూపుడువేలి మొదట, ఎముక అంచున చిన్న గంటు కనపడింది, ఎలుక కొరికిన కొబ్బరి ముక్కలా.

అది పాలు తక్కువై పడ్డ గంటు కాదు. ఎముక ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. పెద్దవాళ్ళ ఒంట్లో ఏటా దాదాపు పదోవంతు ఎముక పాతది పోయి కొత్తది వస్తుంది. పగలగొట్టే కూలీలు వేరు, కట్టే మేస్త్రీలు వేరు. కూలీ పేరు ఆస్టియోక్లాస్ట్. ఒక జాతి తెల్లకణాలు కొన్ని ఒకదాన్నొకటి అతుక్కుని, కలిసిపోయి, ఎన్నో కేంద్రకాలున్న ఒకే పెద్ద కణంగా మారితే ఆ కూలీ తయారవుతాడు. ఎముక మీద బోర్లించిన గిన్నెలా కూర్చుని, అంచులు గట్టిగా అతికించుకుని, లోపల ఆమ్లం వదులుతాడు. ఆమ్లం ఏం చేస్తుందో చూడాలంటే కోడికాలి ఎముకని శుభ్రంగా కడిగి వారం పదిరోజులు వెనిగర్లో నానబెట్టండి. గట్టిదనమంతా కరిగిపోయి ఎముక రబ్బరులా వంగుతుంది. (మేం నానబెట్టిన ఎముక ఇంకా వంటింటి కిటికీలోనే ఉంది, మా అమ్మాయి తిడుతోంది.) ఆ మిగిలిన రబ్బరే కొల్లాజెన్. కూలీ దాన్నీ వదలడు, కెథెప్సిన్-కె అనే ఎంజైముతో తుంపేస్తాడు.

అయితే కూలీ తనంతట తాను పనిలోకి దిగడు. ర్యాంక్-లైగాండ్ అనే ప్రోటీను ఉత్తరంలా వచ్చి పిలవాలి. ఉత్తరాలు మితిమీరకుండా ఒళ్ళే ఒక ఉత్తుత్తి పోస్టుడబ్బా కూడా పెట్టుకుంది. దాని పేరు ఆస్టియోప్రొటెజెరిన్. అందులో పడ్డ ఉత్తరం ఎవరికీ చేరదు. వాచిన కీలులో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-17 అనే సైటోకైన్లు కలిసి ఈ ఉత్తరాలు బస్తాలకొద్దీ రాయిస్తాయి. డబ్బా చాలదు. అది చాలదన్నట్టు, టి.ఎన్.ఎఫ్. ప్రోద్బలంతో తయారయ్యే డి.కె.కె.-1 అనే ప్రోటీను మేస్త్రీలని పనిలోకి రానివ్వదు. మేస్త్రీ లేని ఇంటికి సిమెంటు బస్తాలు దింపినట్టే నేనిచ్చిన పాలు.

ఆ ఉత్తరాన్ని దారిలోనే పట్టేసే ఇంజెక్షన్ ఉంది, డెనోసుమాబ్ అని. ఈ జబ్బున్నవాళ్ళకి అది ఇచ్చి చూస్తే ఎముక తరుగు నెమ్మదించింది, వాపూ నొప్పీ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నొప్పి మాత్రలది దీనికి తలకిందులు. నొప్పి తగ్గిస్తాయి, కూలీల జోలికి పోవు. మేం మోసపోయింది అక్కడే.

ఉత్తరాలు రాయించే అసలు కబురునే ఆపాలన్న ఆలోచన లూథియానాలో పుట్టిన రవీందర్ మైనీ, ఆయన సహచరుడు మార్క్ ఫెల్డ్‌మన్‌లది. టి.ఎన్.ఎఫ్.ని పట్టి కట్టేసే యాంటీబాడీని 1992లో లండన్ చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో రోగులకిచ్చి చూశారు. వాపులు వారాల్లోనే దిగాయి. చిక్కేమిటంటే, ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిముల్ని కట్టడి చేసేదీ టి.ఎన్.ఎఫ్.నే. అందుకే ఈ మందు మొదలెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో అయితే మరీనూ.

మా ఆవిడకి అంత దూరం పోనక్కరలేకపోయింది. పాతకాపు మెథోట్రెక్సేట్‌తోనే దారికొచ్చింది. ఆ మందు తయారైంది అమెరికాలోని లెడర్లీ లాబరేటరీలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన బృందం చేతిలో. దాంతోపాటు డాక్టర్లిచ్చే ఫోలిక్ యాసిడ్‌ని 1940లలో కృత్రిమంగా తయారుచేసిందీ వాళ్ళే. ఆ విటమినూ, దాని విరోధి మెథోట్రెక్సేటూ ఇప్పుడు మా మందుల డబ్బాలో పక్కపక్క అరల్లో ఉన్నాయి. కీళ్ళవాతానికి ఇది పెద్ద మందు కావడం సుబ్బారావుగారు చూడలేదు, 1948లోనే పోయారు.

ముగ్గు మళ్ళీ ఆరున్నరకి పడుతోంది. ఎక్స్‌రేలో పాత గంటు పూడలేదు, కొత్తది పడలేదు. మెథోట్రెక్సేట్ వారానికొక్కసారి వేసుకునే మాత్ర, రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. మా క్యాలెండర్లో ఆదివారాలకి ఎర్ర సున్నాలు చుట్టాం. మీ ఇంట్లో ఎవరికైనా పొద్దున్నే వేళ్ళు అరగంటకి పైగా బిగుసుకుని, కణుపులు వాచి, అలా ఆరు వారాలు దాటితే నాలాగా మందుల షాపుకి వెళ్ళకండి. రుమటాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి.