ఫోన్‌లో ఆడేది ప్లేయర్‌లో ఎందుకాడదు?

తెనాలిలో టీవీలు, ప్లేయర్లు బాగుచేసే షాపు నాది. ఈమధ్య నా బల్ల మీదికొస్తున్న డీవీడీ ప్లేయర్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. మొన్న ఒక పెద్దాయన పద్యనాటకం ఉన్న పెన్‌డ్రైవు, ప్లేయరూ రెండూ సంచీలో పెట్టుకొచ్చారు. ‘‘మావాడి ఫోన్లో శుభ్రంగా ఆడుతోందయ్యా, దీంట్లో మొరాయిస్తోంది. లెన్సు పోయిందేమో చూడు’’ అన్నారు. పెన్‌డ్రైవుకి లెన్సుతో పనేముంది!

ఫైలు పేరు చివర కనిపించే ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ అన్నవి డబ్బా మీద అంటించిన చీటీలు. లోపలి బొమ్మని ఏ పద్ధతిలో కుదించారన్నదే అసలు సంగతి. దాన్నే కోడెక్ అంటాం. డీవీడీ 1990లలో ఎంపెగ్-2 పద్ధతి మీద పుట్టింది. ఇప్పటి వీడియోలు ఎక్కువగా హెచ్.264, హెచ్.265. పాత ప్లేయర్లోని చిప్పుకి ఇవి తెలియవు, కొత్తగా నేర్పే వీలూ దాదాపు ఉండదు. కొందరు ఫైలు పేరు చివర ఏవీఐ అని మార్చి తెస్తారు. చీటీ మార్చితే పెసరపప్పు కందిపప్పవుతుందా?

తెర చూస్తే తేడా ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. శబ్దం వస్తూ బొమ్మ రాకపోతే వీడియో కోడెక్ పడలేదన్నమాట. బొమ్మ ఉండి శబ్దం లేకపోతే అనుమానం ఆడియో మీద, ముఖ్యంగా ఏఏసీ మీద. రిజల్యూషన్ పనికిరాదని చూపిస్తే బొమ్మ కొలత ఎక్కువైనట్టు. అసలు ఫైలే కనబడకపోతే పెన్‌డ్రైవు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉందేమో చూడాలి. ఫ్యాట్32కి మార్చుకోవచ్చు. కానీ మారిస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే వేరేచోట దాచుకోండి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు.

ప్లేయరు మీద డివ్‌ఎక్స్ ముద్ర ఉంటే పని తేలిక. వీడియోని ఎక్స్‌విడ్‌గా, ఆడియోని ఎంపీ3గా మార్చి, కొలత 720×576 దాటకుండా ఏవీఐ చేస్తే చాలు. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాం ఇందుకు పనికిరాదు, అది ఏవీఐ ఇవ్వడం ఎప్పుడో మానేసింది.

పెద్దాయన ప్లేయరు మీద ఆ ముద్ర లేదు. పైగా ఆయనకి డిస్కే కావాలి. అసలు తిప్పలన్నీ ఇక్కడే. ఎంపీ4ని లాగి డిస్కులో పడేస్తే అది డేటా డిస్కు అవుతుంది, ప్లేయరు దాన్ని తిప్పి తిప్పి వదిలేస్తుంది. డీవీడీస్టైలర్ అనే ఉచిత ప్రోగ్రాంలో వేస్తే ఎంపెగ్-2కి మార్చి, ప్లేయరు వెతుక్కునే వీడియో_టీఎస్ ఫోల్డరు కూడా తయారుచేసి పెడుతుంది. 4.7 జీబీ డిస్కులో రెండు గంటలు హాయిగా పడతాయి. ఆయన నాటకం మూడు గంటలు. సెకనుకి 3.3 మెగాబిట్లకి తగ్గించి ఒకే డిస్కులో సర్దాను. కిరీటాల తళుకు కాస్త మసకబారింది, పద్యం మాత్రం ఎక్కడా చెడలేదు.

మన టీవీలది పాల్ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు. అమెరికా నుంచి పిల్లలు పంపే వీడియోలు తరచూ 30 ఫ్రేములవి. వాటిని 25కి దించితే నాట్యంలో అడుగులు తడబడతాయి. వాటిని అమెరికా పద్ధతైన ఎన్‌టీఎస్‌సీలోనే చేయండి, మన దగ్గరి ప్లేయర్లలో చాలావరకు రెండూ ఆడతాయి.

చౌక డిస్కుల్ని పూర్తి వేగంతో రాయకండి. కొత్త సినిమాలు దించుకొచ్చి రాసిపెట్టమంటే నేనైతే రాయను. మీ సొంత వీడియో అయితే ప్లేయరు కూడా వెంట తెచ్చుకోండి, ఆడించి చూపించే ఇస్తాను.