ఆబిడ్స్‌లో ఆదివారం... ఆకలితో!

తాతయ్యకి ఇరానీ చాయ్ కావాలి. అమ్మకి మసాలా దోసె. నాన్న బిర్యానీ అంటారు. పిల్లలు ఐస్‌క్రీమ్ తప్ప ఇంకోటి వద్దంటారు. ఒకే ఇంట్లో ఇన్ని కోరికలుంటే ఎక్కడికెళ్లాలి? హైటెక్ సిటీ ఫుడ్‌కోర్టులు గుర్తొస్తాయేమో. అవి పుట్టక చాలా ముందే ఈ చిక్కుముడి విప్పిన చోటొకటి హైదరాబాద్ నడిబొడ్డున ఉంది. నాంపల్లి స్టేషన్ దగ్గర మొదలుపెడితే ఆబిడ్స్ జీపీవో దాకా అంతా నడక దూరమే. 2018 నుంచి మెట్రో కూడా ఉంది కాబట్టి కారు ఇంటి దగ్గరే వదిలెయ్యండి. ఇక్కడ పార్కింగ్ దొరికేసరికి ఆకలి చచ్చిపోతుంది!

నాంపల్లి స్టేషన్ కట్టింది 1907లో. ఆ పక్కనే ఉన్న ఆబిడ్స్‌కు పేరిచ్చింది ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ యూదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేస్తూ ఆయన పెట్టిన దుకాణం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మిగిలింది. ఆయన ఒక్కడే కాదు. ఈ వీధుల్లో నోరూరించే రుచుల వెనక ఎక్కువగా కనిపించేది ఎక్కడి నుంచో వచ్చి ఇక్కడివాళ్లైపోయినవాళ్లే.

బిస్కెట్ పేరు ఎవరిది?

నాంపల్లిలో దిగితే ముందు సుభాన్ బేకరీ. వేడివేడి ఉస్మానియా బిస్కెట్ నోట్లో వేసుకుంటే తీపి ముందు తగులుతుంది, ఉప్పు తర్వాత. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదే దీనికా పేరని కొందరంటారు. కాదు, ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసం చేసేవారు కనుక అలా పిలిచారని మరికొందరు. ఆ ఆస్పత్రి పేరూ ఆయనదే కనుక గొడవే లేదు. మొహర్రం నెలలో అయితే రవ్వ, నెయ్యి, జీడిపప్పు దట్టించిన దమ్ కే రోట్ కోసం ఇక్కడ క్యూలు కడతారు.

కొత్త సంవత్సరం మొదట్లో వచ్చేవారికి పక్కనే నుమాయిష్. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఎగ్జిబిషన్ ఇది. 1946లో నాంపల్లికి మారింది. అక్కడికి వెళ్లే రోజున మాత్రం మరే హోటల్ భోజనమూ పెట్టుకోకండి. స్టాళ్ల మధ్య తిరిగేసరికే కడుపు నిండిపోతుంది.

మార్కెట్లో సీతాఫలం

అక్కణ్నుంచి కాస్త నడిస్తే మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, గడియార స్తంభం. ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. మరమ్మతులు చేసి 2020లో మళ్లీ తెరిచారు. ఒకప్పుడు ఇది పండ్ల మార్కెట్. పండ్ల వ్యాపారం కొత్తపేట వైపు వెళ్లిపోయింది గానీ పండ్ల ఐస్‌క్రీమ్ మాత్రం ఇక్కడే ఉండిపోయింది! ఫేమస్, షా, బిలాల్... ఏ కొట్టు ముందైనా కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు. పాలు, పండ్ల గుజ్జు కలిపిన డబ్బాను ఐసు, ఉప్పు నింపిన పీపాలో పెట్టి తిప్పడం ఇక్కడి పాత పద్ధతి. ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీల కన్నా కిందికి చల్లబడుతుంది, దాంతో డబ్బాలోది గడ్డకడుతుంది. వేసవిలో మామిడి అడగండి. వానలు తగ్గాక మహబూబ్‌నగర్ వైపు నుంచి సీతాఫలాలు దిగే రోజుల్లో మాత్రం ఇంకేమీ అడక్కండి.

ఇదే కూడలిలో కరాచీ బేకరీ. దేశ విభజనప్పుడు కరాచీ వదిలి వచ్చిన సింధీ ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో దీన్ని పెట్టారు. పోగొట్టుకున్న ఊరి పేరే బోర్డు మీద రాసుకున్నారు. ఆ పేరుకే ఆ తర్వాత చిక్కులొచ్చాయి. పుల్వామా దాడి తర్వాత 2019లో బెంగళూరు శాఖ ముందు నిరసన జరిగితే బోర్డు మీద ‘కరాచీ’కి గుడ్డ కప్పాల్సి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ బోర్డు మీద దాడి చేశారు. ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని ఊళ్లకెళ్లే హైదరాబాదీలకు మాత్రం కరాచీ అంటే సరిహద్దు అవతలి ఊరు కాదు, టూటీ ఫ్రూటీ పలుకులే.

ఒక పౌనా!

ఆబిడ్స్ చేరాక అమ్మ దోసె కోసం తాజ్‌మహల్ హోటల్. ఉడిపి పద్ధతి వంట కాబట్టి సాంబారులో తీపి తగులుతుంది, గుంటూరు నాలుకలకు ముందే హెచ్చరిక. ఇంటికి పార్సిల్ కట్టించుకోవడానికి పుల్లారెడ్డి నేతి మిఠాయిలు. ఆ పేరు పుట్టింది 1948లో, కర్నూల్లో.

నాన్న బిర్యానీకి, తాతయ్య చాయ్‌కి ఒకే చోటు చాలు. జీపీవో దగ్గరి గ్రాండ్ హోటల్‌ను ఇరానీలు పెట్టింది కూడా 1935లోనే. బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీలు వీధి మూలల్లో కేఫ్‌లు తెరిచారు. మూల స్థలం అచ్చిరాదని మిగతావాళ్లు వదిలేస్తే వీళ్లు తీసుకున్నారని చెబుతారు. అలాంటి కేఫ్‌లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. కవులు, రచయితలు, నాయకులు గంటలకొద్దీ కబుర్లాడిన ఆబిడ్స్ ఓరియెంట్ హోటల్ కూడా ఇప్పుడు లేదు. మూల స్థలానికి వచ్చే అద్దె ముందు చాయ్ ఎంతకని నిలబడుతుంది?

నిజానికి ఈ చాయ్ తొందరపడేవాళ్లకు కుదరదు. ఆకు, నీళ్లు వేసిన గిన్నె మూతకు పిండి మెత్తి, సన్నని సెగ మీద దమ్ పెడతారు. పాలు వేరే పొయ్యి మీద చిక్కబడాలి. కప్పులో డికాక్షన్ పోసి, పైన ఆ పాలు. పాలెక్కువగా కావాలంటే ‘పౌనా’ అనాలి. ఇద్దరికి ఒకటి చాలంటే ‘వన్ బై టూ’. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడో పుస్తకం కొనుక్కుని వచ్చి కూర్చుంటే మరీ మంచిది. చాయ్ సాసర్లో పోసుకుని జుర్రితే ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. తాతయ్య ఎలాగూ అలాగే తాగుతారు.