ఇన్‌లైన్ హాకీ స్కేట్లు కొంటున్నారా? చెప్పుల సైజు కాదు, ఐస్ స్కేట్ సైజు చూడండి

ఏప్రిల్ వచ్చేసరికి చికాగో, టొరంటో వైపు పిల్లల ఐస్ హాకీ సీజన్ దాదాపు అయిపోతుంది. అక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో హాకీ ఆడే పిల్లలుంటే అప్పుడే కొత్త పేచీ మొదలు: "అబ్బూ, ఇన్‌లైన్ స్కేట్లు కావాలి." ఎండాకాలమంతా ప్రాక్టీస్ ఆగకూడదు మరి. తండ్రి ఆన్‌లైన్‌లో పిల్లాడి బూట్ల సైజు కొట్టి ఆర్డర్ పెట్టేస్తారు. తీరా వచ్చాక చూస్తే లోపల కాలు అటూ ఇటూ జారుతూ ఉంటుంది. మడమ లేస్తుంది, చీలమండ పక్కకి ఒరుగుతుంది. వారంలో బొబ్బలు. పిల్లాడు ఆట మానేస్తాడు, డబ్బు పోతుంది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, హాకీ స్కేట్ సైజూ చెప్పుల సైజూ ఒకటి కాదు. బావర్, సీసీఎం లాంటి కంపెనీల ఐస్ స్కేట్లు మామూలు బూట్ల కంటే 1 నుంచి 1.5 సైజు తక్కువ తీసుకోవాలి. 7వ నంబర్ బూటు వేసుకునే వాళ్లకి స్కేట్ 5.5 లేదా 6 వస్తుందన్న మాట. చాలా ఇన్‌లైన్ హాకీ స్కేట్లకీ ఇదే లెక్క. కానీ పార్కుల్లో సరదాగా తిరగడానికి చేసే ఫిట్‌నెస్ స్కేట్లు మాత్రం బూట్ల సైజుకి దగ్గరగా ఉంటాయి. రెండూ ఒకే వెబ్‌సైట్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి గందరగోళం అక్కడే. అందుకని మొదట పిల్లాడి ఐస్ స్కేట్ లోపల నాలుక మీదో, మడమ దగ్గరో రాసి ఉన్న సైజు, వెడల్పు నోట్ చేసుకోవాలి. ఆ స్కేట్ ఇప్పుడు కాలికి సరిగ్గా ఉందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. సీజన్ మొదట్లో కొన్నది ఇప్పటికే బిగుతైపోయి ఉండొచ్చు.

నిజానికి ఈ రెండు స్కేట్లూ ఒకే ఇంటివే. 1980 ప్రాంతంలో అమెరికాలోని మినియాపాలిస్‌లో స్కాట్ ఓల్సన్, బ్రెనన్ ఓల్సన్ అనే అన్నదమ్ములు ఐస్ లేని రోజుల్లో హాకీ ప్రాక్టీస్ చేయడానికి హాకీ బూట్ల కింద వరుసగా చక్రాలు బిగించారు. రోలర్‌బ్లేడ్ కంపెనీ అలా పుట్టింది. అంటే మొదట్లో అది ఐస్ బూటే, కింద చక్రాలు మారాయంతే.

ఇప్పుడు కొనేటప్పుడూ అదే సూత్రం పట్టుకోవచ్చు. ఐస్ స్కేట్ ఏ కంపెనీదో, ఇన్‌లైన్ కూడా ఆ కుటుంబంలోదే చూడటం తేలిక దారి. బావర్ వేపర్ పేరుతో ఐస్ స్కేట్లూ చేస్తుంది, ఇన్‌లైన్ స్కేట్లూ చేస్తుంది. మిషన్ అనే ఇన్‌లైన్ బ్రాండ్ కూడా 2008 నుంచి బావర్ చేతిలోనే ఉంది. అయినా పేరు చూసి గుడ్డిగా కొనకూడదు. పొడవు ఒకటే అయినా పాదాలు వేరు: ఒకరిది సన్నగా, ఒకరిది వెడల్పుగా, ఇంకొకరికి పాదం పైభాగం ఎత్తుగా ఉంటుంది. బావర్ ఇప్పుడు ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని, సీసీఎం టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అని విడగొడుతున్నాయి. పాత మోడళ్లలో డి అంటే మామూలు వెడల్పు, డబుల్ ఇ అంటే ఎక్కువ.

కాలికి తొడిగాక చూసే పద్ధతి ఇలా. మ్యాచ్‌కి వేసుకునే పల్చటి సాక్సే వేయాలి. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు గోడని తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి రావాలి. మడమ అసలు లేవకూడదు. ఇక లేసులు వదులు చేసి, నాలుక ముందుకి లాగి, పై నుంచి మూడో జత రంధ్రాల మీద అడ్డంగా పెన్సిల్ పెట్టి చూడాలి. పెన్సిల్ రెండు అంచుల మీద ఆనకుండా పాదానికే తగులుతోందంటే బూటు లోతు చాలదు. అలాంటిది ఎంత బిగించినా పాదం పైన నొప్పే. చాలామంది ఈ ఒక్క పరీక్ష వదిలేస్తారు.

"పెరిగే కాలు కదా, ఒక సైజు పెద్దదే తీసుకుందాం" అనేది మన ఇళ్లలో పాత అలవాటు. పండగ చెప్పులకి అది నడుస్తుంది. స్కేట్‌కి నడవదు. పెరిగే పిల్లలకి మహా అయితే అర సైజు ఎక్కువ తీసుకోవచ్చు. వేళ్లు ముందుకి ఆనించినప్పుడు మడమ వెనక ఒక్క వేలు పడితే చాలు, రెండు వేళ్లు పడితే వద్దు. మరీ ఖరీదైన మోడల్ జోలికి పోకుండా మధ్యస్థం ధరలో కొని, ఏడాదికి మార్చడమే లెక్కకి లాభం.

బూటు సరిపోయినా "ఐస్ మీద ఉన్నట్టు లేదు" అని పిల్లలు అంటారు. అందులో నిజముంది. ఐస్ బ్లేడు అడుగు కొంచెం వంపుగా ఉండి మంచుకి మధ్యలో కొద్ది భాగమే ఆనుతుంది, అందుకే చటుక్కున తిరుగుతారు. ఇన్‌లైన్‌లో నాలుగు చక్రాలూ నేలకి ఆనతాయి. ఆ తేడా తగ్గాలంటే ముందు 76, వెనక 80 మిల్లీమీటర్ల చక్రాలుండే హై-లో రకం చూడాలి. అందులో మడమ కాస్త ఎత్తులో ఉండి, ఐస్ స్కేట్ లాగే ఒళ్లు ముందుకి వంగుతుంది. మార్స్‌బ్లేడ్ అనే స్వీడన్ కంపెనీ ఊగే ఫ్రేములు కూడా చేస్తోంది. వాటిని ఐస్ బూటు అడుగున బ్లేడు తీసి బిగించుకోవచ్చు. అచ్చం అదే ఫిట్ కావాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు. కాకపోతే చీలమండ దగ్గర మెత్తబడిపోయిన పాత బూటుకి ఈ ఖర్చు దండగ.

ఆన్‌లైన్‌లో తెప్పించినవైతే ఇంట్లో కార్పెట్ మీదే ఒక పావుగంట నిలబెట్టి చూడాలి. ఒక్కసారి రోడ్డెక్కి చక్రాలు గీసుకుపోయాయంటే చాలా షాపులు వెనక్కి తీసుకోవు. షాపులో వేడి చేయించి కాలికి అచ్చు వేయించిన జతకీ అంతే, కాబట్టి ఆ పని సైజు ఖాయమయ్యాకే.