500 కనిపిస్తే... కంగారొద్దు!

మే నెల. రాత్రి పదకొండు దాటింది. ఫోన్‌ చేసింది మా అక్క.
'ఒరేయ్‌, సైటు పోయిందిరా!'

అక్కది పచ్చళ్ల వ్యాపారం. ఆవకాయ, మాగాయ కలిపే ఆ రెండు నెలల రాబడితోనే ఏడాదంతా గడవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఆర్డర్లు పెట్టేది ఇక్కడ మనం పడుకునే వేళకే. పార్సిల్‌ బరువుని బట్టి కొరియర్‌ ఖర్చు దానంతటదే లెక్కకట్టే ప్లగిన్‌ ఉందని ఎవరో చెబితే ఆ రాత్రి సైటుకి ఎక్కించింది. బాగానే ఎక్కింది. ఏయే దేశాలకు పంపుతారంటే అన్నిటికీ టిక్కు పెట్టి 'సేవ్‌' నొక్కింది. అంతే! ఏ పేజీ తెరిచినా తెల్లకాగితం, మధ్యలో ఏదో తీవ్రమైన పొరపాటు జరిగిందంటూ ఒక్క ఇంగ్లిషు వాక్యం. లోపలికెళ్లి సరిచేద్దామంటే లాగిన్‌ పేజీ కూడా అదే పాట.

'అన్నీ పీకేసి మళ్లీ మొదట్నుంచీ పెట్టేయనా?' అంది. 'అక్కా, ముందు ఆ మౌస్‌ వదిలెయ్‌' అన్నాను. పాత ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయి మరి!

జ్వరమే... రోగం కాదు

వెబ్‌సైటు అడిగిన ప్రతిసారీ సర్వర్‌ మూడంకెల జవాబొకటి ఇస్తుంది. 404 అందరికీ తెలిసిందే... అడిగిన పేజీ లేదని. నాలుగుతో మొదలైతే అడిగిన తీరులో తేడా, ఐదుతో మొదలైతే సర్వర్‌ వైపు తేడా. అందులో 500 మరీ మొండిది. 'లోపలేదో చెడింది' అంటుందే తప్ప ఏం చెడిందో చెప్పదు. ఒంట్లో జ్వరం ఉన్నట్టే. మలేరియానో టైఫాయిడో రక్తపరీక్ష చేస్తేగానీ తెలీదు కదా!

అక్క సైటు నడిచేది వర్డ్‌ప్రెస్‌ మీద. 2003లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ మీద ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా నడుస్తున్నాయి. 2004లో వచ్చిన 1.2 వెర్షన్‌తో దీనికి ప్లగిన్లు తోడయ్యాయి. ప్లగిన్‌ అంటే అద్దెకొచ్చిన వంటమనిషి లాంటిది. మన వంటింట్లోకే వచ్చి, మన పొయ్యి మీదే వండుతుంది. అందుకే దాని చేయి జారితే ఇల్లంతా పొగ.

2019లో వచ్చిన 5.2 వెర్షన్‌ నుంచి వర్డ్‌ప్రెస్‌ ఓ మంచిపని చేస్తోంది. ఇలాంటి ప్రమాదం జరగ్గానే సైటు యజమానికి ఓ మెయిల్‌ పంపుతుంది. అందులోని లింకు నొక్కితే చెడిన ప్లగిన్‌ని పక్కనపెట్టి లోపలికి వెళ్లొచ్చు. మరి అక్కకి మెయిల్‌ రాలేదేం? వచ్చింది... సైటు తయారుచేసిన కుర్రాడికి! యజమాని మెయిల్‌ అన్నచోట అతను తన అడ్రసే ఇచ్చుకున్నాడు. అతనేమో ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లిపోయి రెండేళ్లయింది. మీకూ సైటుంటే, దాన్ని మరొకరు చేసిపెట్టి ఉంటే, ఇవాళే ఆ అడ్రస్‌ ఎవరిదో చూసుకోండి.

పేరు మారిస్తే చాలు

మెయిల్‌ లేకపోయినా దారి ఉంది. హోస్టింగ్‌ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌తో వాళ్ల సైటులోకి వెళితే ఫైల్‌ మేనేజర్‌ ఉంటుంది. అందులో 'డబ్ల్యూపీ-కంటెంట్‌', దాని లోపల 'ప్లగిన్స్‌'. ఒక్కో ప్లగిన్‌కీ ఒక్కో ఫోల్డర్‌. కొత్తగా పెట్టినదాని ఫోల్డర్‌ పేరు చివర ఓ అక్షరం తగిలించమన్నాను. పేరు మారితే వర్డ్‌ప్రెస్‌కి అది కనబడదు, కనబడనిదాన్ని నడపదు. పేజీ మళ్లీ తెరవగానే మామిడికాయ బొమ్మతో సహా సైటు లేచి కూర్చుంది!

తీసేయకుండా పేరెందుకు మార్చడం అంటారా? సైటు లోపలి నుంచి 'డిలీట్‌' కొడితే చాలా ప్లగిన్లు తాము దాచిన వివరాలన్నీ తుడిచిపెట్టుకుని మరీ పోతాయి. అమ్మకాలు చూసే ప్లగిన్‌ విషయంలో ఆ పొరపాటు చేస్తే ఎవరికెన్ని జాడీలు బాకీ ఉన్నామో దేవుడికే తెలియాలి.

ఇక రక్తపరీక్ష. పేజీ మీద నోరు విప్పని సర్వర్‌, తన లాగ్‌లో మాత్రం అన్నీ రాసుకుంటుంది. హోస్టింగ్‌ కంపెనీ పేజీలో 'ఎర్రర్‌ లాగ్‌' అన్నచోట ఉంటుందది. అక్క తెరిచింది. 'పదకొండు గంటల దగ్గర ఏమీ లేదురా' అంది. ఉండదు మరి... చాలాచోట్ల ఆ గడియారం గ్రీనిచ్‌ టైముది. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసెయ్యాలి. సాయంత్రం ఐదున్నర దగ్గర దొరికింది. 134217728 బైట్ల మెమరీ అయిపోయిందని, ఇంకా అడిగితే ఇవ్వలేకపోయానని. ఆ పొడుగు అంకె 128 ఎంబీ. అక్క సైటుకి హోస్టింగ్‌ వాళ్లు పెట్టిన హద్దు అది.

తమాషా ఏంటంటే, ఆ వాక్యం చివర్న రాసి ఉన్నది కొత్త ప్లగిన్‌ పేరు కాదు. మూడేళ్లుగా బుద్ధిగా పనిచేస్తున్న ఫొటోల ప్లగిన్‌ది! 'అయితే దీన్నే పీకేద్దాం' అంది అక్క. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. పెళ్లి బంతిలో చివరివాడు 'అన్నం' అని అడిగేసరికి గిన్నె ఖాళీ. అరిచింది అతనే. అలాగని తిన్నది అతను కాదుగా! కొత్తది దేశాలన్నిటి రేట్లూ ఒక్కసారే నెత్తినెత్తుకుంది. దానికితోడు సైటులో ప్లగిన్లు లెక్కపెడితే ఇరవై ఏడు. పదకొండు ఎందుకున్నాయో అక్కకే గుర్తులేదు. ఒకటి కిందటేడు సంక్రాంతికి పేజీ మీద గాలిపటాలు ఎగరేయడానికి పెట్టిందట.

తప్పుదోవ పట్టించే మాటలు

అందరికీ మెమరీయే కారణమని కాదు. పీహెచ్‌పీ భాష పాత వెర్షన్‌ ఉన్న సర్వర్‌ మీద కొత్త వెర్షన్‌కి రాసిన ప్లగిన్‌ పెడితే, దాని మాట దీనికి అర్థంకాదు. ఆ సంగతీ లాగ్‌లోనే కనిపిస్తుంది. అసలు ఎక్కించేటప్పుడే మొరాయిస్తే సైజు చూడండి. పీహెచ్‌పీ మామూలుగా ఒక్కో ఫైలుకి ఒప్పుకునేది 2 ఎంబీనే. చాలా కంపెనీలు పెంచి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. అప్పుడొచ్చే ఒక వాక్యం మరీ అన్యాయం... మీరు నొక్కిన లింకు గడువు తీరిపోయింది అంటుంది. గడువూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పంపిన ఫైలు పెద్దదని దానర్థం!

ఫోల్డర్‌ తయారుచేయలేకపోయానంటే అనుమతుల తేడా. ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 అన్నది వాడుక. 777 పెట్టెయ్యమనే సలహాదారులు మీకూ తగులుతారు. వినకండి. వీధితలుపు తీసి పడుకోవడమే అది.

అక్క పనికిరాని పదకొండూ తీసేసింది... ముందు సైటంతా కాపీ చేసుకుని, ఒక్కొక్కటీ తీస్తూ, తీసిన ప్రతిసారీ సైటు చూసుకుంటూ. పొద్దున్నే హోస్టింగ్‌ వాళ్లకి లాగ్‌లోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు పంపింది. 'సైటు పనిచేయట్లేదు' అని రాస్తే ఎన్నాళ్లు పట్టేదో గానీ, మధ్యాహ్నానికల్లా హద్దు 256 ఎంబీకి పెంచారు. కొత్త ప్లగిన్‌ ఫోల్డర్‌కి పాత పేరు పెట్టి, నాలుగు దేశాలకే టిక్కు పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి రాత్రి కాదు... మధ్యాహ్నం రెండింటికి, అమెరికా నిద్రపోతున్నప్పుడు.