ఛాంబరు బిగింపు: మెకానిక్కుల వృత్తిపదాలపై ఒక పరిశీలన

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయ పదాలకు, రెండవది (1971) చేనేత పదాలకు సంబంధించినవి. మోటారు మెకానిక్కుల పదజాలమూ అంతే శ్రద్ధతో సేకరించదగినది. విశాఖపట్నంలో గాజువాక చేరువనున్న ఆటోనగర్ అందుకు అనువైన క్షేత్రం. ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిని విప్పి, తిరిగి అమర్చే పనినే తీసుకుందాం. పాఠ్యపుస్తకాల్లో అది ‘ఆయిల్ సంప్’. పనివారి నోట ‘ఛాంబరు’. అంచుల నడుమ ఉండే గాస్కెట్టు ‘ప్యాకింగు’.

ఈ ప్యాకింగు అనే మాట కొత్తవారిని దారి తప్పించగలదు. కూరి నింపేదనే భావం వల్ల, సిలికాన్ పేస్టు ఎంత ఎక్కువ పెడితే అంత భద్రమనిపిస్తుంది. నిజానికి బోల్టులు బిగించగానే అదనపు పేస్టు అంచుకు ఇరువైపులా ఉబుకుతుంది. బయటికి వచ్చినది కంటికి కనిపిస్తుంది. లోపలికి వెళ్లినది గట్టిపడి, తునిగి, ఆయిలు పంపు పీల్చుకునే జాలీకి అడ్డుపడవచ్చు. అప్పుడు చుక్క కారని ఛాంబరే బేరింగులకు ఆయిలు అందకుండా చేస్తుంది, ఇంజను సీజవుతుంది. కారుటకంటె ఇది ఎన్నో రెట్లు పెద్ద నష్టం.

కనుక పనిలో అధికభాగం పేస్టు పెట్టడానికి ముందే జరగాలి. పాత ప్యాకింగును, అల్యూమినియం అంచుపై గీతలు పడకుండా, గీకివేయాలి. జిడ్డు మిగిలితే సిలికాన్ అంటదు. రేకు ఛాంబరయితే, లోగడ అతిగా బిగించిన బోల్టు రంధ్రాల చుట్టూ అంచు వంగి ఉంటుంది. చదునైన చెక్కపై ఆనించి సుత్తితో మెల్లగా తట్టి సమం చేయాలి. ఈ పని దాటవేస్తే ఏ పేస్టూ కాపాడదు.

పేస్టును రెండు మూడు మిల్లీమీటర్ల లావున, తెగని తీగలా, రంధ్రాల లోపలి వైపుగా పెట్టాలి. అది గాలిలోని తేమతో గట్టిపడే పదార్థం. సముద్రతీరపు ఉక్కపోతలో పైపొర త్వరగా కడుతుంది కాబట్టి జాప్యం పనికిరాదు. లోపలంతా గట్టిపడటానికి మాత్రం గంటలు కావాలి. ఆయిలు మరునాడు పోయడం మేలు. (అచ్చుపోసిన రబ్బరు ప్యాకింగు ఉన్న కార్లలో, తయారీదారు సూచించిన మూలల్లో తప్ప పేస్టు అనవసరం.)

బోల్టులను మధ్యనుంచి చివరలకు, ఎదురెదురుగా, విడతలవారీగా బిగించాలి. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్కు ఈ అంకె చెప్పలేదు. “పానా చివర పట్టుకోకురా, తల దగ్గర పట్టుకో” అన్నారు శిష్యునితో. పట్టు దగ్గరయ్యేకొద్దీ బోల్టుపై పడే బలం తగ్గుతుంది. టార్కు రెంచి లేనిచోట ఆ మాటే కొలత. వృత్తిపదకోశంలో ‘పానా’ పదం కింద ఈ వాక్యాన్నీ చేర్చవలసి ఉంటుంది.