స్పానిషు కథావాఙ్మయమున బాలసేవకులు

స్పానిషు కథావాఙ్మయమున కనబడు బాలసేవకులు కేవలము హాస్యపాత్రలని తలంచుట కలదు. వారు యజమానుల ధర్మమునకు గీటురాళ్ళని మేము భావించుచున్నాము. ఇందులకు రెండు గ్రంథములను పరిశీలింతము.

మొదటిది 1554లో ముద్రితమైన 'లాసరిల్యో దె తోర్మెస్'. దీని కర్త యెవరో నేటికిని నిర్ణయము కాలేదు. 1559లో మతవిచారణాధికారులు దీనిని నిషేధించిరి. 1573లో కొన్ని భాగములు తొలగించిన ప్రతి వెలువడెను. పేదరాలైన తల్లి లాసరోను ఒక గ్రుడ్డిభిక్షువునకు అప్పగించును. సాలమాంకా వంతెనకడనున్న రాతివృషభమునకు చెవి యానించి, లోపలి చప్పుడు వినుమని చెప్పి, ఆ గ్రుడ్డివాడు బాలుని తలను దానికేసి మోదును. లోకజ్ఞానమున కదియే తొలిపాఠము. పిమ్మట మకేదా గ్రామపు మతాచార్యుడు రొట్టెలను పెట్టెలో నుంచి తాళము వేయగా, బాలుడు మారుతాళపుచెవి సంపాదించియు, ఎలుకలపై నెపము మోపియు ఆకలి తీర్చుకొనును. మూడవ యజమాని తొలేదో నగరమున నివసించు నిరుపేద కులీనుడు. తినుటకేమియు లేకున్నను, భుజించినవానివలె పుల్లతో పండ్లు కుట్టుకొనుచు వాకిట నిలుచును. ఇచట సేవకుడే భిక్షమెత్తి యజమానిని పోషించును. గ్రుడ్డివానిపై పగ దీర్చుకొన్న బాలుడే యీతనిపై జాలిపడుట గమనింపదగినది. సేవ్యసేవక సంబంధము తలక్రిందులైన యీ ఘట్టము గ్రంథమునకు ప్రాణము.

రెండవది సెర్వాంటిస్ రచించిన 'డాన్ క్విక్సోట్' ప్రథమభాగము (1605). 4వ ప్రకరణమున పదునైదేండ్ల గొఱ్ఱెలకాపరి అంద్రేస్‌ను యజమాని చెట్టునకు గట్టి తోలుపట్టెతో కొట్టుచుండును. నెలకు 7 రెయాలుల చొప్పున 9 నెలల జీతము బాకీ కలదు. దానిని చెల్లింతునని యజమానిచే మాట పుచ్చుకొని వీరుడు వెడలిపోవును. అతడు కనుమరుగైనంతనే బాలుడు మరల చెట్టునకు కట్టబడి, చచ్చునంతగా దెబ్బలు తినును. 31వ ప్రకరణమున అంద్రేస్ మరల ఎదురై, ఇకముందు తన్ను ముక్కలుగా నరకుచున్నను సాయమునకు రావలదని వేడుకొనును. అతనికి దక్కినది సాంచో యిచ్చిన రొట్టెయు జున్నును మాత్రమే. వీరుడు న్యాయమును ప్రకటించెను గాని, అది నెరవేరువరకు నిలువలేదు. దాని ఫలమును బాలుడు వీపుపై మోసెను.

లాసరో చివరకు తొలేదోలో దండోరా వేయు కొలువు సంపాదించి, భార్యపై వచ్చిన లోకాపవాదమును పెడచెవిని బెట్టి, తానిపుడు భాగ్యశిఖరమున నున్నట్లు చెప్పుకొనును. ఆ కథయంతయు పేరు తెలియని యొక గొప్పవానికి సమర్పించిన సంజాయిషీయే. కావున పెద్దవాడైనను లాసరో యింకను సేవకుడే. ఒక బాలుడు యజమానుల విద్య నేర్చి బ్రదికెను; రెండవవాడు నేర్వక దెబ్బలు తినెను. ఈ రెండు ముగింపులను పరిశోధకులు ప్రక్కప్రక్కన నుంచి చదువవలెనని మా మనవి.