పాత్రస్వభావము నెఱుగుట యెట్లు?



నేను ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా నుండి విరమించినవాడను. కావ్యములలోని పాత్రలను బాలురకు బోధించుట నా నిత్యకృత్యములలో నొకటి. ఆ పనిని నేను చిరకాలము తప్పుగా చేసితిని. ఆ తప్పు ఎట్టిదో, దానిని నాకెవరు తెలిపిరో, పిదప నేనవలంబించిన మార్గమేదో నేడు మీకు విన్నవింపదలచితిని.

మన బడులలో పాత్రపోషణమును గూర్చి ప్రశ్న యడుగుట ఆచారము. 'ధర్మరాజు స్వభావమును వర్ణింపుము' అందుము. విద్యార్థి వెంటనే 'ధర్మరాజు శాంతుడు, సత్యసంధుడు, దయాళువు, ధీరోదాత్తుడు' అని వ్రాయును. ధర్మరాజు పేరు కొట్టివేసి హరిశ్చంద్రుని పేరు వ్రాసినను ఆ సమాధానము చెల్లును. అందఱకును సరిపోవు అంగరఖా ఎవరి కొలతకును కుట్టినది కాదు గదా! ఇందు విద్యార్థుల దోషము లేదు. ఆ విశేషణములను ఏటేట చెప్పి వ్రాయించినవాడను నేనే.

ఒకనాడు విరాటపర్వము చెప్పుచుంటిని. భారతాంధ్రీకరణమున పదునైదు పర్వములు రచించిన తిక్కన సోమయాజి ఈ పర్వముతోనే తన రచన నారంభించెను. కథ మీకు తెలిసినదే. పాండవులకు పండ్రెండేండ్ల వనవాసము ముగిసినది. అజ్ఞాతవాసపు టేడాది గడచుచున్నది. ఆ యేడాదిలో గుర్తింపబడిరా, మరల పండ్రెండేండ్లు అడవిపాలు కావలయును. ధర్మరాజు కంకభట్టను పేర విరాటుని కొలువులో జూదపు చెలికాడై యున్నాడు. భీముడు వంటవాడు, పేరు వలలుడు. ద్రౌపది సైరంధ్రియై రాణి సుదేష్ణను సేవించుచున్నది. కీచకుడు ఆమెను తఱుముకొని వచ్చి నిండుకొలువులో తన్నెను. ధర్మరాజు చూచుచు నూరకుండెను.

వెనుకబల్ల నుండి ఒక బాలుడు లేచి, 'అయ్యా! భార్యను కన్నుల యెదుట తన్నుచుండగా ఊరకున్నవాడు ధీరోదాత్తు డెట్లగును?' అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. తోచలేదని యొప్పుకొనక, 'పెద్దల నాక్షేపింపరాదు, కూర్చుండుము' అని గద్దించితిని. వాడు కూర్చుండెను. మఱి యెన్నడును నన్నేమియు నడుగలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. లేచి దీపము వెలిగించి ఆ ఘట్టమును వ్యాసభారతమునందును తిక్కన భారతమునందును మెల్లగా చదివితిని. అనేక పర్యాయములు పాఠము చెప్పిన ఘట్టమే. ఐనను నేను చూడనివి అందెన్నో కానవచ్చినవి.

వ్యాసుడు రెండు చిన్న విషయములు చెప్పినాడు. భీముడు లేవబోగా ధర్మరాజు తన అంగుష్ఠముతో వాని అంగుష్ఠము నదిమి వారించినాడట. కోపముచేత ధర్మరాజు నుదుట చెమట పట్టినదట. ఈ చెమటయే ఆ బాలుని ప్రశ్నకు సమాధానము. స్తంభము, స్వేదము, రోమాంచము మొదలుగా సాత్త్వికభావము లెనిమిది యని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. ఆ యెనిమిదింటిని నేను బాల్యమున వల్లించినవాడనే. మాటను అదుపులో పెట్టుకొనవచ్చును, చేతిని అదుపులో పెట్టుకొనవచ్చును. చెమట మాట వినునా? ఊరకున్నవానికి కోపము లేదనుకొనుట పొరపాటని వ్యాసుడు ఆ యొక్క చిహ్నముతో తెలిపెను.

ఇక తిక్కన. భీముడు కొలువు దాపున నున్న చెట్టు వంక చూచెను. పెఱికి కీచకుని మోదవలెనని వాని తలంపు. అంత కంకభట్టు, పండ్లతో నీడతో నాశ్రయించినవారి బడలిక తీర్చు ఈ చెట్టును వంటకట్టెలకై నఱుకనేల, చెట్లు మఱియొకచోట లేవా యని పలికెను. సభవారికి అది వంటవానికి చెప్పిన మందలింపు. భీమునకు మాత్రము, మనకు నీడనిచ్చిన విరాటుని కొలువును చెఱుపకుము, చోటును సమయమును వేఱుగా వెదకుమను ఆజ్ఞ. నుదుట చెమట పట్టినవాడు పలికిన మాట యిది.

పిదప ధర్మరాజు ద్రౌపదితో, కులకాంతవలె లోనికి పోక నటివలె నిట నిలువనేల యని కఠినముగా పలికెను. ఆమె యిచ్చిన యుత్తరము చూడుడు. తన భర్త నటుడే యనియు, అంతియగాక జూదరి యనియు, అట్టివాని యాలికి పెద్దఱిక మెక్కడిదనియు నామె యనెను. సభవారికి ఆమె భర్త యెవరో తెలియదు. వేషము వేసికొని, పాచికలు చేతబట్టి, ఎదుట కూర్చున్నవానికి మాత్రము ఆ రెండు మాటలును రెండు బాణములు. ఐనను ఆమె యెవరి పేరును బయటపెట్టలేదు. ప్రాణము పోవునంతటి అవమానములో సయితము ఆమె రహస్యమును కాచినది, తన కోపమును దాచలేదు. 'ద్రౌపది అభిమానవతి' అని నూఱుమాఱులు వ్రాయించినను ఈ సంగతి తెలియునా?

మఱి లక్షణగ్రంథములు వ్యర్థములా? కావు. ధీరోదాత్తునకు రాముని, యుధిష్ఠిరుని సాహిత్యదర్పణ ముదాహరించినది. ధనంజయుడు దశరూపకమున ధీరోదాత్తుని లక్షణములు చెప్పుచు గాంభీర్యము, క్షమ, స్థైర్యములతో పాటు గూఢమైన అహంకారమును, వ్రతమునందు దార్ఢ్యమును పేర్కొనెను. గూఢమైన అహంకారము! ఆ మాటను కంఠస్థము చేసినవాడనే కాని, దాని యర్థమును ధర్మరాజు నుదుట చూడలేకపోతిని. శాస్త్రము దారిచూపు దీపము. నేను దీపమునే చూచుచు దారిని మఱచితిని.

అది మొదలు నా బోధనపద్ధతిని మార్చుకొంటిని. పాత్ర మాటలాడిన ఒక ఘట్టమును తీసికొని విద్యార్థులను మూడు ప్రశ్నలడుగుచుంటిని. ఈ మాట ఎవరితో, ఎవరి యెదుట పలుకబడినది? ఈ పాత్ర చెప్పగలిగియు చెప్పక దాచిన దేది? ఈ క్షణమున నింకొక రీతిగా ప్రవర్తించినచో కోలుపోవున దేది? ఈ మూడింటికి సమాధానము వ్రాసిన తరువాతనే విశేషణము వ్రాయవలెను. అదియు ఒక్కటి చాలును. ఆ విశేషణమునకు ఆధారమైన మాటను గ్రంథమున వ్రేలుపెట్టి చూపవలెను.

ఈ పద్ధతి పురాణపాత్రలకే కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో మొదట అచ్చయి, 1909లో చాల పెరిగి రెండవ కూర్పుగా వచ్చినది. అందలి గిరీశము శిష్యుడైన వెంకటేశముతో నొకతీరుగా, వాని తండ్రి అగ్నిహోత్రావధానులతో నొకతీరుగా, విధవయైన బుచ్చమ్మతో వేఱొకతీరుగా మాటలాడును. ఆ మూడు సంభాషణములను ప్రక్కప్రక్కన వ్రాయింపుడు. గిరీశము వంచకుడని గురువు చెప్పనక్కఱలేదు. విద్యార్థియే నవ్వుచు కనిపెట్టును.

ఒక్క హెచ్చరిక. ఈ ప్రశ్న లడిగినచో తరగతిలో ఏకాభిప్రాయము కుదురదు. తరువాతి యేట అదే ఘట్టము చెప్పినపుడు సగము మంది, తమ్ములను, భార్యను మరల అడవికి పంపకుండుటకే ధర్మరాజు సహించె ననిరి. తక్కినవారు, కోపమడచుకొనుట సరే, నటివలె నున్నావని యామెను నిందింపనేల యనిరి. నేను తీర్పు చెప్పలేదు. తిక్కన ద్రౌపది చేత ఆ యుత్తరము చెప్పించియు, ధర్మరాజు చేత ప్రత్యుత్తరము చెప్పించి ఆమెను నోరు మూయింపలేదు గదా! కవి తెఱచియుంచిన తలుపును గురువు మూయుట తగదు.

ఇంతకును ఆ బాలుని మాట చెప్పవలసి యున్నది. సమాధానము నాకు ఆ రాత్రియే దొరకినది. మఱునాడు తరగతిలో చెప్పవలసినది. నిన్న నాకు తెలియలేదని బాలుర యెదుట ఒప్పుకొనుట చిన్నతనముగా తోచి, నేడు రేపని దాటవేసితిని. వేసవి సెలవులు వచ్చినవి. బడి తెఱచిన పిమ్మట వాడు రాలేదు. చదువు మానిపించి పనిలో పెట్టిరని విన్నాను. వాడా ప్రశ్న నడుగుటకు వాని యింట నేదేని కారణముండెనేమో, ఆ విచారమును నేను చేయనైతిని. ధర్మరాజు మౌనము ఒక వ్రతమును కాచినది. నా మౌనము నా పెద్దఱికమును మాత్రమే కాచినది.

కావున సోదరోపాధ్యాయులారా! కావ్యములోని పాత్రను గూర్చి బాలుడు కోపముతో ప్రశ్నించెనా, సంతోషింపుడు. వానికి ఆ పాత్ర పుస్తకములోని పేరు కాక ప్రాణమున్న మనుష్యుడైన దన్నమాట. సమాధానము తెలిసిన చెప్పుడు. తెలియకున్న, 'నాకును తెలియదు, రమ్ము, ఇరువురము చదువుదము' అనుడు. ఆ మాట చెప్పుటకు నాకు చాల యేండ్లు పట్టినది. మీకంత కాలము పట్టకుండుగాక!